ఒకే మాయ, ఇద్దరు బిడ్డలు: కవలలకు గర్భస్థ శస్త్రచికిత్స

తల్లి గర్భంలో ఉన్న కవలల మధ్య రక్తప్రసరణ అదుపు తప్పినప్పుడు, వారు పుట్టకముందే దాన్ని చక్కదిద్దడానికి చేసే చికిత్సలను గర్భస్థ కవలల శస్త్రచికిత్స అంటారు. ఒకే అండం నుంచి ఏర్పడి, ఒకే మాయను పంచుకుంటున్న కవలలకే ఇది ముఖ్యంగా అవసరమవుతుంది. ఫీటోస్కోప్ అనే సన్నని గొట్టపు పరికరంతో గర్భంలోకి చూస్తూ మాయ మీది రక్తనాళాలను లేజర్ కిరణంతో మూసివేయడం వీటిలో ప్రధానమైనది. రేడియో తరంగాల వేడితో ఒక పిండానికి వెళ్ళే రక్తాన్ని ఆపడం, బొడ్డు తాడును మూసివేయడం, గర్భంలోని బిడ్డకే రక్తం ఎక్కించడం, ఎక్కువైన ఉమ్మనీటిని తీసివేయడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఈ చికిత్స చేసే కేంద్రాలు ఏ దేశంలోనైనా కొన్నే ఉంటాయి. అయితే అది సకాలంలో అందుతుందా లేదా అన్నది చాలావరకు ఊరికి దగ్గరి ఆసుపత్రిలో, మూడో నెల చివర తీసే స్కానింగులోనే తేలిపోతుంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల లాంటి చోట నిలబడి చూస్తే ఈ సంగతి మరింత బాగా అర్థమవుతుంది.

కవలలు ఏర్పడే తీరు

జంట అరటిపండు తింటే కవలలు పుడతారన్న మాట తెలుగు ఇళ్ళలో వినని వారుండరు. తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలంలోని దొడ్డిగుంట కవలల ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడి బావి నీటి మహిమే దానికి కారణమని నమ్మేవారు చాలామంది. పండుకు గాని నీటికి గాని కవలలతో సంబంధం ఉన్నట్టు శాస్త్రీయమైన రుజువు లేదు.

కవలలు రెండు రకాలు. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై, రెండూ ఫలదీకరణ చెందితే పుట్టేవారు ద్వ్యండ కవలలు. వీరు వేర్వేరు కాన్పుల్లో పుట్టిన తోబుట్టువుల్లాగే ఉంటారు. ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లాడు కావచ్చు. తల్లి వైపు వంశంలో కవలలు ఉండడం, తల్లి వయసు పెరగడం, సంతానం కోసం వాడే మందులు ఈ రకం కవలల సంఖ్యను పెంచుతాయి. ఒకే అండం ఫలదీకరణ చెందిన తర్వాత రెండుగా చీలితే పుట్టేవారు ఏకాండ కవలలు. చూడడానికి అచ్చుగుద్దినట్టు ఉండేది వీరే. సుమారు 250 గర్భాల్లో ఒకటి ఇలా ఏర్పడుతుంది. ప్రపంచంలో ఏ జాతిలోనైనా, ఏ ప్రాంతంలోనైనా ఈ లెక్క దాదాపు ఒకటే. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో ఒక్క పిండాన్నే గర్భాశయంలో ఉంచినా అది రెండుగా చీలే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువ.

అండం ఏ రోజున చీలిందన్న దాన్ని బట్టి బిడ్డలు ఏమేమి పంచుకుంటారో నిర్ణయమవుతుంది. మొదటి మూడు రోజుల్లో చీలితే ఇద్దరికీ వేర్వేరు మాయలు, వేర్వేరు ఉమ్మనీటి సంచులు ఉంటాయి. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపు చీలితే మాయ ఒకటి, సంచులు రెండు. ఏకాండ కవలల్లో ఎక్కువమంది ఈ తరగతి వారే. ఎనిమిదో రోజు దాటాక చీలితే మాయ, సంచి రెండూ ఒకటే. పదమూడో రోజు దాటితే చీలిక పూర్తి కాక, బిడ్డలు అతుక్కుని పుడతారు. 2003లో పుట్టి, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో పెరిగిన వీణ, వాణిల ద్వారా తెలుగువారికి ఈ స్థితి పరిచయమే.

కాబట్టి బిడ్డలు ఒకేలా ఉంటారా అన్న ప్రశ్న కంటే మాయ ఒకటా, రెండా అన్న ప్రశ్న వైద్యానికి ముఖ్యం. మాయలు రెండైతే ఒకరి రక్తం మరొకరి రక్తంతో కలవదు. మాయ ఒకటైతే దాదాపు ప్రతి గర్భంలోనూ కలుస్తుంది.

మాయ పంపకం

ఒకే చెరువు కింద పక్కపక్కనే ఉన్న రెండు మళ్ళను ఊహించుకుంటే ఈ మాయ స్వభావం తేలిగ్గా తెలుస్తుంది. గట్టుకు గండి పడితే పై మడి నీరు కింది మడిలోకి జారుతుంది. అటు ఎంత నీరు వెళ్తే ఇటు అంత తిరిగి వస్తే రెండు మళ్ళకూ నష్టం లేదు. వెళ్ళేదే గాని వచ్చేది లేకపోతే ఒక మడి ఎండిపోతుంది, రెండోది మునిగిపోతుంది.

మాయలోని కలయికలు మూడు రకాలు. ధమనికి ధమని, సిరకు సిర కలిసేవి మాయ పైపొర మీదే కనిపిస్తాయి. వీటిలో రక్తం రెండు వైపులా పారగలదు. ధమనికి ధమని కలిసిన చోట ఒత్తిళ్ళు సర్దుకుంటాయి కాబట్టి అది కొంతవరకు రక్షణగా పనిచేస్తుంది. మూడో రకం ధమనికి సిర కలిసేది. ఒక బిడ్డ ధమని మాయలోని ఒక తమ్మె లోపలికి దిగుతుంది. అదే తమ్మె నుంచి పైకి వచ్చే సిర రెండో బిడ్డ వైపు వెళ్ళిపోతుంది. ఇది ఒకవైపు దారి. ఒక బిడ్డ గుండె పంపిన రక్తం ఈ దారిలో తిరిగి ఆ బిడ్డకు రాదు. ఇలాంటి దారులు ఒకవైపుకే ఎక్కువగా ఉండి, సర్దుబాటు చేసే ధమనుల కలయిక లేకపోతే ప్రమాదం మొదలవుతుంది.

ప్రధానమైన చిక్కులు

కవలల మధ్య రక్తమార్పిడి రుగ్మత. వైద్యులు దీన్ని టీటీటీఎస్ అంటారు. ఒకే మాయ, రెండు సంచులు ఉన్న గర్భాల్లో 10 నుంచి 15 శాతం దీని బారిన పడతాయి. ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య బయటపడుతుంది. రక్తం పోగొట్టుకునే బిడ్డను దాత అనీ, అందుకునే బిడ్డను గ్రహీత అనీ పిలుస్తారు. దాతకు రక్తం తగ్గడంతో మూత్రపిండాలు మూత్రం తయారీని తగ్గించేస్తాయి. గర్భం సగానికి వచ్చేసరికి ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ మూత్రమే. అందువల్ల దాత సంచిలో నీరు ఇంకిపోతుంది, మధ్య పొర బిడ్డ ఒంటికి తడిగుడ్డలా చుట్టుకుంటుంది. స్కానింగు తెర మీద ఆ బిడ్డ గర్భాశయం గోడకు అంటించినట్టు, కదలకుండా కనిపిస్తుంది. తల్లి పక్కకు ఒత్తిగిలినా ఆ బిడ్డ చోటు మారదు. గ్రహీత పరిస్థితి ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఎక్కువైన రక్తాన్ని వదిలించుకోవడానికి విపరీతంగా మూత్రం పోస్తుంది. సంచి నీటితో ఉబ్బిపోతుంది. గుండె కండరం మందపడి, కవాటాలు కారి, చివరకు గుండె అలసిపోతుంది. రక్తం ఎక్కువైన బిడ్డ బలంగా ఉంటుందనుకోవడం పొరపాటు, ఇద్దరూ ప్రమాదంలో ఉన్నవారే. తీవ్రమైన దశలో వైద్యం అందకుండా వదిలేస్తే 10 మంది బిడ్డల్లో ఎనిమిది, తొమ్మిది మంది దక్కరు.

రక్తహీనత, రక్తం చిక్కబడడం కలిసి వచ్చే రుగ్మత. దీన్ని ట్యాప్స్ అంటారు. 2000 తర్వాతి దశకంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు దీన్ని విడిగా గుర్తించి వివరించారు. ఒక మిల్లీమీటరు కంటే సన్నని నాళాల ద్వారా రక్తం చాలా మెల్లగా జారుతుంది. ఉమ్మనీటిలో తేడా రాదు. అందుకే నీటిని మాత్రమే చూసే స్కానింగుకు ఇది చిక్కదు. బిడ్డ మెదడులోని మధ్య ధమనిలో రక్త వేగాన్ని డాప్లర్ స్కానింగుతో కొలిస్తేనే తెలుస్తుంది. పుట్టినప్పుడు ఒక బిడ్డ పాలిపోయి, ఇంకో బిడ్డ ఎర్రగా కందిపోయి ఉంటారు.

ఒక బిడ్డకే ఎదుగుదల తగ్గడం. మాయ సగం సగంగా కాకుండా ఒకరికి చిన్న ముక్క, ఒకరికి పెద్ద ముక్క దక్కినప్పుడు ఇది వస్తుంది. బరువుల్లో తేడా 25 శాతం దాటితే తీవ్రంగా పరిగణిస్తారు. బొడ్డు ధమనిలో రక్తం పారే తీరును బట్టి దీన్ని మూడు రకాలుగా విడదీసే పద్ధతిని బార్సిలోనా వైద్యుడు ఎడ్వర్డ్ గ్రటాకోస్ బృందం 2007లో ప్రతిపాదించింది.

గుండె లేని కవల. వీటన్నిటిలో అరుదైనది. ఒక పిండానికి గుండె ఏర్పడదు, లేదా పనిచేయదు. రెండో బిడ్డ గుండె తనకూ ఆ పిండానికీ కలిపి రక్తం తోడాల్సి వస్తుంది. రక్తం బొడ్డు ధమని ద్వారా తిరుగు దారిలో ఆ పిండంలోకి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మోయలేని బరువు మోసి గుండె దెబ్బతింటుంది.

ఒకే సంచిలో ఉన్న కవలలు. వీరి బొడ్డు తాళ్ళు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. దీనికి లేజర్ మార్గం సాధారణంగా ఉపయోగపడదు. దగ్గరగా కనిపెట్టుకుని ఉండి, 32 నుంచి 34 వారాల మధ్య సిజేరియన్ చేయడమే ఆనవాయితీ.

ఈ చిక్కులన్నిటికీ వెనుక మరో భయం ఉంది. ఒకే మాయ ఉన్న కవలల్లో ఒకరు కడుపులోనే చనిపోతే, బతికున్న బిడ్డ రక్తం ఆ కలయికల ద్వారా ఒక్కసారిగా చనిపోయిన బిడ్డ వైపు జారుతుంది. అలాంటప్పుడు రెండో బిడ్డ కూడా చనిపోయే అవకాశం సుమారు 15 శాతం. బతికిన బిడ్డల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెదడు దెబ్బతింటుంది. ఒక బిడ్డ ప్రమాదాన్ని ఇద్దరి ప్రమాదంగా చూడవలసింది ఇందువల్లే.

గుర్తించే తీరు

మాయల లెక్క తేల్చడానికి సరైన కాలం 11 నుంచి 14 వారాలు. ఆ సమయంలో రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోటును జాగ్రత్తగా చూస్తారు. మాయలు రెండైతే ఆ చోట మాయ కణజాలం పొర మధ్యకు చొచ్చుకు వచ్చి చిన్న గోపుర శిఖరంలా కనిపిస్తుంది. దీన్ని లాంబ్డా గుర్తు అంటారు. మాయ ఒకటైతే పలుచని పొర దారపు పోగులా నిటారుగా వచ్చి మాయను తాకుతుంది. దీన్ని టి గుర్తు అంటారు. వారాలు గడిచేకొద్దీ లాంబ్డా శిఖరం చెరిగిపోతుంది. అయిదో నెలలో మొదటిసారి స్కానింగుకు వస్తే ఎంత అనుభవజ్ఞులకైనా తేల్చి చెప్పడం కష్టమవుతుంది.

మాయ ఒకటేనని తెలిస్తే 16వ వారం నుంచి ప్రతి రెండు వారాలకు ఒకసారి స్కానింగు తప్పనిసరి. ప్రతిసారి రెండు సంచుల్లో నీటి లోతు, ఇద్దరి మూత్రాశయాలు నిండుతున్నాయా లేదా, బరువులు, డాప్లర్ చూస్తారు. 20 వారాల లోపు ఒక సంచిలో నీటి లోతు 2 సెంటీమీటర్ల కంటే తక్కువ, రెండో సంచిలో 8 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఉంటే టీటీటీఎస్‌గా నిర్ధారిస్తారు. ఆ తర్వాతి వారాల్లో రెండో కొలతను కొన్ని కేంద్రాలు 10 సెంటీమీటర్లుగా తీసుకుంటాయి.

అమెరికా వైద్యుడు రూబెన్ క్వింటెరో 1999లో దీనికి అయిదు దశలు చెప్పారు. మొదటి దశలో నీటి తేడా మాత్రమే ఉంటుంది. రెండో దశలో దాత మూత్రాశయం కనిపించదు. మూడో దశలో డాప్లర్‌లో రక్తప్రవాహం తీవ్రంగా తేడా చూపుతుంది. నాలుగో దశలో బిడ్డ ఒంట్లో నీరు చేరుతుంది. అయిదో దశ అంటే ఒకరు గాని ఇద్దరు గాని చనిపోవడం. వ్యాధి ఈ మెట్లను వరుసగానే ఎక్కాలని లేదు. కొన్ని రోజుల్లోనే మొదటి దశ నుంచి మూడో దశకు చేరుకోవచ్చు.

తల్లికి తెలిసే లక్షణాలు కూడా ఉన్నాయి. వారం పది రోజుల్లో పొట్ట అమాంతం పెరుగుతుంది, డప్పులా బిగుసుకుంటుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. నడుము లాగుతుంది, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చి పోతుంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ‘కవలలు కదమ్మా, పొట్ట పెద్దదిగానే ఉంటుంది’ అని ధైర్యం చెబుతారు. ప్రేమతో అన్న మాటే అయినా, ఒకే మాయ కవలల విషయంలో ఈ మాట ఎన్నో విలువైన రోజులను మింగేస్తుంది.

చరిత్ర

కవలల మాయలో రక్తం కలిసే దారులను జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిక్ షాట్జ్ 19వ శతాబ్దం చివర్లో వివరంగా వర్ణించాడు. ఇద్దరి సొంత ప్రసరణలకు తోడుగా ఉన్న దీన్ని ఆయన మూడో ప్రసరణ అన్నాడు. కారణం తెలిసినా చేయగలిగింది ఏమీ లేక, దాదాపు వందేళ్ళు వైద్యులు ఎక్కువైన ఉమ్మనీటిని సూదితో తీసివేయడంతోనే సరిపెట్టుకున్నారు.

గర్భంలోని బిడ్డను రోగిగా చూడడం 1963లో మొదలైంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో విలియం లైలీ, తల్లీబిడ్డల రక్తం పొసగని రీసస్ రుగ్మత ఉన్న శిశువుకు కడుపులోనే రక్తం ఎక్కించారు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం గర్భాశయాన్ని తెరిచి, మూత్రం అడ్డుపడిన శిశువుకు శస్త్రచికిత్స చేసింది. కవలల మాయ మీద లేజర్ వాడిన తొలి వైద్యుడు అమెరికాకు చెందిన జూలియన్ డి లియా. 1988లో మొదలుపెట్టిన ఆ ప్రయత్నాల ఫలితాలను 1990లో ప్రచురించారు. ఆ తర్వాత లండన్‌లో కైప్రోస్ నికోలైడెస్, ఈవ్ విల్ పొట్ట కోయకుండా చర్మంలోంచి సన్నని గొట్టం దించి ఈ పని చేయవచ్చని చూపి, 1995లో తమ అనుభవాన్ని వెల్లడించారు.

నీరు తీయడం మేలా, లేజర్ మేలా అన్న వాదానికి 2004లో వెలువడిన యూరోఫీటస్ అధ్యయనం సమాధానమిచ్చింది. 142 మంది గర్భిణులను రెండు జట్లుగా విభజించి పోల్చారు. కనీసం ఒక బిడ్డ 28 రోజుల వరకు బతికిన గర్భాలు లేజర్ జట్టులో 76 శాతం, నీరు తీసిన జట్టులో 56 శాతం. మెదడు దెబ్బతినడం కూడా లేజర్ జట్టులోనే తక్కువ. తేడా అంత స్పష్టంగా ఉండడంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. అప్పటి నుంచి రెండో దశ, అంతకు మించిన టీటీటీఎస్‌కు లేజరే మొదటి చికిత్స.

లేజర్ చికిత్స జరిగే విధానం

తల్లికి సాధారణంగా నడుముకు మత్తు సూది ఇస్తారు, లేదా పొట్ట మీద ఆ చోటు వరకే మత్తు ఇస్తారు. అల్ట్రాసౌండ్‌తో మాయ ఎక్కడుందో చూసుకుని, దాన్ని తప్పిస్తూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని గ్రహీత సంచిలోకి దించుతారు. అందులోంచి ఫీటోస్కోప్, దాని పక్కనే సన్నని లేజర్ పోగు వెళ్తాయి.

తెర మీద కనిపించే దృశ్యం మనం మామూలుగా అనుకునే దానికి విరుద్ధంగా ఉంటుంది. గర్భంలో ధమనులే మలిన రక్తాన్ని మాయకు తెస్తాయి. అందుకని అవి నల్లగా, నీలంగా కనిపిస్తాయి. మాయ నుంచి మంచి రక్తం తీసుకువెళ్ళే సిరలు ఎర్రగా మెరుస్తాయి. ఒకదాన్నొకటి దాటే చోట ధమని పైనుంచి, సిర కిందనుంచి వెళ్తుంది. వైద్యులు రెండు బొడ్డు తాళ్ళ నుంచి బయలుదేరిన నాళాలను ఒక్కొక్కటిగా వెంబడిస్తూ అవి కలిసే సరిహద్దుకు చేరతారు. ఎర్రటి నాళం, నల్లటి నాళం ఎదురెదురుగా వచ్చి ఒకే చోట మాయలోకి దిగి మాయమైతే అదే ఒకవైపు దారి. దాని మీద లేజర్ పడగానే రక్తంలోని హిమోగ్లోబిన్ వేడిని పీల్చుకుంటుంది. నాళం ముడుచుకుని, క్షణాల్లో పాలలా తెల్లబడుతుంది. అలా అన్ని కలయికలనూ మూసిన తర్వాత ఎక్కువైన ఉమ్మనీటిని ఆ గొట్టం ద్వారానే తీసేస్తారు. మొత్తం పని చాలాసార్లు గంటలో ముగుస్తుంది.

కంటికి కనిపించిన కలయికలను మాత్రమే మూస్తే చాలా సన్నని నాళాలు మిగిలిపోవచ్చు. గట్టు మీద కనిపించిన గండ్లు పూడ్చి, చిల్లులను వదిలేసినట్టు అవుతుంది. అందువల్ల మూసిన చోట్లన్నిటినీ కలుపుతూ మాయ ఒక అంచు నుంచి రెండో అంచు వరకు లేజర్‌తో గీత గీసే పద్ధతి వచ్చింది. దీని పేరు సాలమన్ పద్ధతి. 274 మంది గర్భిణులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పాత పద్ధతిలో 16 శాతం మందికి వచ్చిన ట్యాప్స్, ఈ పద్ధతిలో 3 శాతానికి తగ్గింది. రుగ్మత తిరగబెట్టడం 7 శాతం నుంచి 1 శాతానికి దిగింది. రెండు మళ్ళ మధ్య పూర్తి గట్టు వేయడం అంటే ఇదే. ఆ రోజు నుంచి ఎవరి మాయ వారిదే.

మాయ పొట్ట ముందు గోడకు అంటుకుని ఉంటే పని కష్టమవుతుంది. గొట్టం దించడానికి పక్క దారి వెతకాలి, వంపు ఉన్న పరికరాలు వాడాల్సి వస్తుంది.

ఇతర చికిత్సలు

మొదటి దశ టీటీటీఎస్‌లో తల్లికి లక్షణాలు లేకపోతే వెంటనే లేజర్ చేయకుండా వారం వారం కనిపెట్టి చూడవచ్చు. ఇలా చూసిన వారిలో సుమారు 10 మందిలో నలుగురికి శస్త్రచికిత్స అవసరం రాలేదని ఇటీవలి అధ్యయనంలో తేలింది. 26 వారాలు దాటాక బయటపడితే పరిస్థితిని బట్టి నీరు తీయడం, లేజర్, ముందుగా కాన్పు చేయడం, వీటిలో తగినదాన్ని ఎంచుకుంటారు. ట్యాప్స్‌లో రక్తహీనత ఉన్న బిడ్డకు కడుపులోనే రక్తం ఎక్కించి కాలం సంపాదించవచ్చు. లేజర్ కూడా ఒక మార్గం.

గుండె లేని కవల విషయంలో సన్నని సూదిని ఆ పిండంలోకి దించి, రేడియో తరంగాల వేడితో గాని లేజర్‌తో గాని దాని రక్తప్రవాహాన్ని ఆపుతారు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండె మీద భారం దిగిపోతుంది. ఒక బిడ్డ బతకదని స్పష్టమై, ఆ మరణం రెండో బిడ్డను దెబ్బతీసే ప్రమాదం ఉన్నప్పుడు బొడ్డు తాడును మూసే చికిత్సను ఆలోచిస్తారు. ఏ తల్లిదండ్రులకైనా ఇది అత్యంత బాధాకరమైన నిర్ణయం. వారికి విషయం పూర్తిగా వారి భాషలో వివరించి, ఆలోచించుకునే సమయమిచ్చి, ఆ తర్వాతే అడుగు వేయాలి.

ఫలితాలు, ప్రమాదాలు

అనుభవం ఉన్న కేంద్రాల్లో లేజర్ తర్వాత కనీసం ఒక బిడ్డ దక్కే గర్భాలు 90 శాతం వరకు, ఇద్దరూ దక్కేవి 60 నుంచి 70 శాతం వరకు ఉంటున్నాయి. ఈ లెక్కల వెనుక కేంద్రం అనుభవం, దశ, మాయ ఉన్న చోటు అన్నీ ఉంటాయి. ప్రధానమైన ప్రమాదం నెలలు నిండకుండానే ఉమ్మనీటి సంచి పగలడం. గొట్టం చేసిన చిన్న రంధ్రం పూర్తిగా పూడదు. బిడ్డలు ఎక్కువగా 32, 33 వారాల ప్రాంతంలో పుడతారు. గర్భస్రావం, రక్తస్రావం, ఒక బిడ్డ చనిపోవడం, రుగ్మత తిరగబెట్టడం కూడా సంభవించవచ్చు. బతికిన పిల్లల్లో సుమారు 10 శాతం మందికి మెదడు ఎదుగుదలలో లోపాలు కనిపిస్తాయి. కాబట్టి చికిత్స తర్వాత ముందుగా వారం వారం, ఆపై రెండు వారాలకొకసారి స్కానింగు, పుట్టాక నవజాత శిశు వైద్యుల సంరక్షణ, రెండేళ్ళ వరకు ఎదుగుదల పరిశీలన అవసరం.

చిక్కులేవీ లేకపోయినా ఒకే మాయ కవలలకు 36 వారాల ప్రాంతంలో కాన్పు చేయాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సలహా.

తెలుగు నేలలో

భారతదేశంలో గర్భస్థ శిశు వైద్యాన్ని ఒక ప్రత్యేక శాఖగా పెంచిన సంస్థల్లో చెన్నైలోని మెడిస్కాన్ ముందు వరుసలో ఉంది. హైదరాబాదులో 1948లో చిన్న ప్రసూతి ఆసుపత్రిగా మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఇప్పుడు గర్భస్థ శిశు వైద్య విభాగం, నవజాత శిశు విభాగం కలిగిన పెద్ద సంస్థ. అధిక ప్రమాద గర్భాల మీద నేషనల్ బోర్డు ఫెలోషిప్ చదువులు రావడంతో ఈ విద్యలో శిక్షణ పొందిన వైద్యులు క్రమంగా పెరుగుతున్నారు.

నెల్లిమర్ల చంపావతి నది ఒడ్డున, హౌరా, చెన్నై రైలు మార్గం మీద ఉన్న చిన్న పట్టణం. జనపనార మిల్లుకు, దగ్గరలోని రామతీర్థానికి పేరుపడిన ఈ ఊళ్ళో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. జనం దాన్ని మిమ్స్ అంటారు. పక్కనే విజయనగరంలో ఘోషాసుపత్రి, 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, శ్రీకాకుళంలో రిమ్స్, విశాఖలో కేజీహెచ్, విక్టోరియా ఘోషాసుపత్రి ఈ ప్రాంతపు గర్భిణులకు ఆధారం. కొండ మీది గూడేల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే పరిస్థితి పార్వతీపురం మన్యం జిల్లాలో ఇంకా పూర్తిగా పోలేదు.

గర్భస్థ లేజర్ శస్త్రచికిత్స ప్రతి జిల్లాలో పెట్టగలిగేది కాదు, పెట్టకూడదు కూడా. ఏడాదికి తగినన్ని కేసులు చేసే చేతులకే ఇందులో నైపుణ్యం నిలుస్తుంది. నెల్లిమర్ల నుంచి హైదరాబాదుకు గాని చెన్నైకి గాని ఒక రాత్రి రైలు ప్రయాణం. టీటీటీఎస్ మొదటి, రెండో దశల్లో పట్టుబడితే ఆ ప్రయాణానికి వ్యవధి ఉంటుంది. నాలుగో దశలో తెలిస్తే ఉండదు. కాబట్టి ఉత్తరాంధ్రలో ఈ చికిత్సకు మొదటి మెట్టు మాయల లెక్క రాసి ఇచ్చే స్కానింగు, ఆ తర్వాత రెండు వారాలకొకసారి తప్పని పరీక్ష. ఈ రెండింటికీ లేజర్ యంత్రం అక్కర్లేదు. మామూలు అల్ట్రాసౌండ్ యంత్రం, దాన్ని శ్రద్ధగా చూసే కళ్ళు చాలు.

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ప్రమాదం ఉన్న గర్భాలను గుర్తించి పైఆసుపత్రికి పంపడం దాని ముఖ్యోద్దేశం. ఒకే మాయ కవలలు కచ్చితంగా ఆ జాబితాలో ఉండవలసినవారు. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే, నాలుగో నెలలోనే ఆ తల్లిని దారిలో పెట్టగలరు.

చట్టం, నీతి

1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కానింగుకు నమోదు పత్రం నింపాలి. బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం. మాయ ఒకటా, రెండా అని తేల్చడానికి లింగం చూడనవసరం లేదు కాబట్టి ఈ పరీక్షకు చట్టం ఏ విధంగానూ అడ్డు కాదు. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 24 వారాలు దాటిన తర్వాత తీవ్రమైన లోపాల కారణంగా గర్భం తీసివేయాలంటే వైద్య మండలి అభిప్రాయం కావాలి. కవలల్లో ఒక బిడ్డ గురించి నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు వైద్యులు ఈ నిబంధనలను, తల్లి ఇష్టాన్ని, మిగిలే బిడ్డ క్షేమాన్ని కలిపి ఆలోచించాలి. గర్భస్థ శస్త్రచికిత్సలో కత్తి పడేది తల్లి ఒంటి మీదే. కాబట్టి చివరి మాట ఆమెదే కావాలి, ఇంటి పెద్దలది కాదు.

పాఠకులకు ఒక మాట

కవలలని తెలిసిన రోజున ఇంట్లో పండగ చేసుకోవడం సహజం. ఆ రోజునే స్కానింగు చేసిన వైద్యులను ‘మాయ ఒకటా, రెండా?’ అని అడగండి. జవాబును నోటి మాటగా వదిలేయకుండా తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి. ఒకటి అని రాస్తే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగుకు వెళ్ళండి. మధ్యలో పొట్ట ఉన్నట్టుండి బిగిస్తే మరుసటి స్కానింగు తేదీ వరకు ఆగకండి.